ఎడారిలో ఆర్‌వీ ప్రయాణం: పగటి వేడి సరే, రాత్రి ఎంత?

సంపాదకులకు,

నమస్కారం. వేసవి దగ్గర పడితే అమెరికా నైరుతి రాష్ట్రాల విహారయాత్రల మీద తెలుగు పత్రికల్లో వ్యాసాలు వస్తుంటాయి. పిల్లలకు బడి సెలవులు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉండే నెలలు ఒకటే కావడంతో, లోపలే వండుకుని పడుకునే వీలున్న ఆర్‌వీ బండి ఒకటి అద్దెకు తీసుకుని లాస్ వేగస్, డెత్ వ్యాలీ, గ్రాండ్ కాన్యన్ చుట్టి వద్దామన్న ఆలోచన చాలా ఇళ్ళలో పుడుతుంది. ఆ వ్యాసాల్లో దూరాలుంటాయి, చూడవలసిన చోట్లుంటాయి, ఏసీ, ఫ్రిజ్, స్టవ్, స్నానాల గది అన్నీ ఉన్న చక్రాల మీది ఇల్లు అన్న వర్ణన తప్పకుండా ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మొహావి, సొనోరన్ ఎడారుల్లో ఆ వర్ణనను నమ్మితే ప్రాణం మీదికి వస్తుంది. ఆర్‌వీ గోడ మందం ఒకటిన్నర, రెండు అంగుళాలు. కిటికీలు ఎక్కువగా ఒంటి అద్దాలవి. పైకప్పుకు పద్నాలుగేసి అంగుళాల గాలి కంతలు రెండో మూడో ఉంటాయి. దాన్ని ఇల్లనుకోకుండా, ఎండలో నిలబెట్టిన డబ్బా అనుకుని బయలుదేరిన కుటుంబమే సుఖంగా తిరిగొస్తుంది.

డెత్ వ్యాలీలోని ఫర్నేస్ క్రీక్‌లో 1913 జూలై 10న 134 డిగ్రీల ఫారెన్‌హీట్ (56.7 సెల్సియస్) నమోదైన సంగతి అందరూ రాస్తారు (ఈ ఉత్తరంలో డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే). బండిలో పడుకోబోయేవాళ్ళకు అంతకన్నా అవసరమైన సంగతి ఇంకొకటుంది: జూలైలో అక్కడ రాత్రి కూడా వేడి 90 దరిదాపుల్లోనే ఆగిపోతుంది. ఆర్‌వీలో ప్రతి వస్తువూ పగలు ఓడిపోయినదాన్ని రాత్రి కూడగట్టుకుంటుంది. ఫ్రిజ్ తిరిగి చల్లబడేది రాత్రి. గోడలు, పరుపులు పీల్చుకున్న వేడిని వదిలేది రాత్రి. టైర్లు చల్లారేది, బ్యాటరీ కుదుటపడేది, మనిషి ఒళ్ళు తేరుకునేది కూడా అప్పుడే. రాత్రి కనిష్ఠం 70కి దిగే చోట పగలు 105 ఉన్నా నెట్టుకురావచ్చు. కనిష్ఠం 88 దగ్గర నిలిచిపోయే చోట రెండో రోజుకే ఒక్కొక్కటీ చేతులెత్తేస్తుంది. వాతావరణ సూచన చూసేటప్పుడు అందరి కళ్ళూ గరిష్ఠం మీద పడతాయి. కనిష్ఠం చూడమని చెప్పడానికే ఈ ఉత్తరం.

ఏసీతో మొదలుపెడతాను, ఎక్కువ అపోహ దాని మీదే కాబట్టి. పైకప్పు మీది ఏసీ లోపలి గాలిని పీల్చి, 16 నుంచి 22 డిగ్రీల దాకా చల్లబరిచి తిరిగి వదులుతుంది. అంతకు మించి దాని చేత కాదు. బయట 112 ఉండి బండి నీడ లేని చోట నిలబడితే, 13,500 బీటీయూల (ఏసీ చల్లబరిచే శక్తికి కొలత) ఏసీ ఒక్కటే ఉన్న బండిలో మధ్యాహ్నం మూడింటికి లోపల 88, 90 ఉండటంలో వింత లేదు. ఏసీ పాడైందనుకుని మీట ఇంకా కిందికి తిప్పితే ప్రయోజనం ఉండదు. మాంసం వేడి చూసే చిన్న థర్మామీటరు చాలు: ఏసీ గాలి పీల్చుకునే జల్లెడ దగ్గర ఒకసారి, దగ్గరలోని చల్లగాలి రంధ్రం దగ్గర ఒకసారి చూడండి. తేడా 16కు పైన ఉంటే యంత్రం బాగానే ఉంది, వేడి వేరే దారిన లోపలికి వస్తోంది. తేడా పది, పన్నెండే ఉంటే ముందు ఫిల్టరు కడగండి, పైన కండెన్సర్ రెక్కల్లో పేరుకున్న దుమ్ము దులపండి. అయినా మారకపోతే సీలింగ్ లోపలి పెట్టె విప్పి చూడాలి. చల్లగాలి వెళ్ళే గదికీ వెచ్చగాలి పీల్చే గదికీ మధ్య అడ్డుగోడ సరిగా అతకక, చల్లబడిన గాలే మళ్ళీ ఏసీలోకి పోతుండటం చాలా బండ్లలో కనిపించే లోపం. అల్యూమినియం రేకు టేపు ఒక చుట్టతో, అరగంట పనితో అది పోతుంది.

ఏసీని ఎప్పుడు వేయాలన్నది ఇంకా ముఖ్యం. వేడెక్కాక మధ్యాహ్నం వేస్తే సాయంత్రం దాకా అది అందుకోలేదు. పొద్దున ఏడింటికి, బయట ఇంకా ఓర్చుకోదగ్గట్టు ఉన్నప్పుడే 72 దగ్గర పెట్టి నడపాలి. పరుపులు, సోఫాలు, అల్మరాల్లోని గిన్నెలు కూడా చల్లబడి ఉంటే మధ్యాహ్నపు దెబ్బను అవి కొంత కాస్తాయి. పైకప్పు కంతలకు స్పాంజి దిండ్లు బిగించండి, స్నానాల గది మీది ప్లాస్టిక్ గుమ్మటానికి కూడా. ముందు అద్దానికి లోపల వేసే వెండి తెర కన్నా బయట కప్పే గుడ్డ మేలు, ఎండ అద్దం దాటకముందే ఆగిపోతుంది. డ్రైవరు క్యాబిన్‌కూ వెనక గదికీ మధ్య మందపాటి దుప్పటి వేలాడదీస్తే ఏసీకి పని తగ్గుతుంది.

బండి నిలిపే దిక్కు మీద ఎవరూ శ్రద్ధ పెట్టరు. ఎడారి వేసవిలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, దక్షిణపు గోడకు పెద్దగా తగలడు. నాలుగింటి నుంచి ఏడింటి దాకా పడమటి నుంచి అడ్డంగా వచ్చే ఎండే కాల్చేస్తుంది. కాబట్టి బండి సన్నవైపు పడమరకు రావాలి, ముందు అద్దం తూర్పుకు ఉండాలి. స్థలం బుక్ చేసేటప్పుడే క్యాంప్‌గ్రౌండు పటంలో ఇది చూసుకోవచ్చు. చెట్టు నీడ ఉన్నదా అని ఫోనులో అడిగితే చెబుతారు, మొహమాటపడనక్కర్లేదు.

ఇక కరెంటు. క్యాంప్‌గ్రౌండులో స్తంభం నుంచి బండికి కరెంటు అందించే కనెక్షన్‌ను హుకప్ అంటారు. 30 ఆంపియర్ల హుకప్ అంటే 120 వోల్టుల మీద 3,600 వాట్లు, అదీ కాసేపటికే. గంటల తరబడి లాగేటప్పుడు 80 శాతం, అంటే 24 ఆంపియర్లకు మించకూడదు. ఏసీ ఒక్కటే 13 నుంచి 16 లాగుతుంది, బయట వేడి పెరిగేకొద్దీ కంప్రెసర్ భారం పెరిగి పై అంకె దగ్గరే ఉంటుంది. మైక్రోవేవ్ 12, 13. వేడినీళ్ళ ట్యాంకును కరెంటు మీద పెడితే 12. ఫ్రిజ్ మూడు, బ్యాటరీ ఛార్జరు కొన్ని. ఏసీ నడుస్తుండగా రైస్ కుక్కరూ మైక్రోవేవూ ఒకేసారి పెడితే బ్రేకర్ పడిపోతుంది. అది నిప్పులాంటి ఎండలో నిలబడ్డ స్తంభం మీది పెట్టెలో ఉంటుంది కాబట్టి దాని మీద రాసిన అంకె కన్నా ముందే పడుతుంది కూడా. నీళ్ళు వేడిచేయడం గ్యాసు మీదికి మార్చండి. వంట బయట చేయండి, స్టవ్ వేడి కూడా ఏసీ నెత్తినే పడుతుంది.

50 ఆంపియర్ల హుకప్ అంటే 30 కన్నా కాస్త ఎక్కువ అనుకుంటారు. కాదు. అందులో 50 ఆంపియర్ల తీగలు రెండు ఉంటాయి, మొత్తం 12,000 వాట్లు, మూడు రెట్లకు పైన. రెండు ఏసీలున్న బండి తీసుకుని 30 ఆంపియర్ల చోటు బుక్ చేసుకుంటే అడాప్టరుతో తగిలించుకోవచ్చు గానీ ఒక్క ఏసీయే తిరుగుతుంది. ఎడారిలో మూడు రోజులుండే కుటుంబం ఖర్చు తగ్గించుకోవలసిన చోటు ఇది మాత్రం కాదు.

కంప్రెసర్లు కాలిపోవడానికి వోల్టేజి పడిపోవడం పెద్ద కారణం. సాయంత్రం నాలుగు, అయిదు గంటలకు క్యాంప్‌గ్రౌండులో అందరి ఏసీలూ తిరుగుతుంటే వోల్టేజి 110కి, ఒక్కోచోట 105కి దిగుతుంది. వోల్టేజి తగ్గితే మోటారు అదే పనికి ఎక్కువ కరెంటు లాగుతుంది, చుట్టలు వేడెక్కుతాయి, బయటి వేడి దానికి తోడవుతుంది. గోడ సాకెట్‌లో గుచ్చే చిన్న వోల్టేజి మీటరు బండిలో ఉండి తీరాలి. 104, 105 కన్నా దిగితే ఏసీ ఆపేయాలి. ఆ పని తనంతట తనే చేసే రక్షణ పరికరాలు దొరుకుతాయి, స్తంభానికీ తీగకూ మధ్య తగిలించేవి. ప్లగ్గు తగిలించే ముందు, తీసే ముందు స్తంభం మీది బ్రేకర్ కట్టేయండి. గంట నడిచాక ప్లగ్గును తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చేయి ఆనించలేనంత వేడిగా ఉంటే లోపలి రేకులు మాడి పట్టు సడలిందన్నమాట, చోటు మార్చమని అడగండి. పొడిగింపు తీగ కావలసివస్తే 30 ఆంపియర్లకు 10 గేజి రాగి తీగ, 50కి 6 గేజి. ఇంట్లో వాడే నారింజ రంగు తీగలు ఇక్కడ పనికిరావు, కరిగిపోతాయి.

హుకప్ లేని చోట జనరేటరు ఉందిగా అంటారు. ఉంది, ఏసీతో నడిస్తే గంటకు అర గ్యాలన్‌కు పైగా పెట్రోలు తాగుతుంది. ఇంజినూ ఇల్లూ ఒకే బండిగా ఉండే మోటార్‌హోమ్‌లలో అది బండి ట్యాంకులోంచే పీల్చుకుంటుంది. ట్యాంకు పావుకు దిగితే, ఇంటికి చేరడానికి ఇంధనం మిగిలేట్టు, పీల్చే గొట్టం పైకే ఉండి జనరేటరు ఆగిపోతుంది. ఇది తెలియక అర్ధరాత్రి మరమ్మతు కోసం వెతుకుతారు. ఆయిలు తగ్గినా అది ఆగిపోతుంది, ఎనిమిది గంటలకోసారి కడ్డీ తీసి చూడాలి. అన్నిటికీ మించి, చాలా జాతీయ పార్కుల క్యాంప్‌గ్రౌండుల్లో రాత్రిపూట జనరేటరు వేయనివ్వరు. అంటే హుకప్ లేకపోతే రాత్రి ఏసీ లేదు. బ్యాటరీ మీద నడుపుదామంటే, 1,500 వాట్ల ఏసీకి 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ గంట కూడా రాదు. రాత్రి కనిష్ఠం ఎంత అన్న ప్రశ్న మళ్ళీ ఇక్కడ ఎదురవుతుంది. జనరేటరు నడిచినప్పుడల్లా, మీదైనా పక్కవాళ్ళదైనా, కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో మీట నొక్కి చూసుకోండి. పొగగొట్టం వైపు కిటికీలు మూసి ఉండాలి.

ఫ్రిజ్ సంగతి. పాత బండ్లలో, అద్దె బండ్లలో గ్యాసు మీదా కరెంటు మీదా నడిచే అమ్మోనియా ఫ్రిజ్‌లు ఇంకా చాలా ఉన్నాయి. వీటిలో కంప్రెసర్ ఉండదు. వెనక గొట్టాల్లో అమ్మోనియా మరిగి, పైకెక్కి, చల్లారి దిగుతుంటే లోపల చలి పుడుతుంది. ఆ చల్లారడం బయటి గాలి వల్ల జరగాలి. బయటే 110 ఉంటే ఎలా చల్లారుతుంది? అందుకే మధ్యాహ్నం లోపలి వేడి 40 డిగ్రీలు దాటి 48, 50కి పోతుంది. పాలు, వండిన కూరలు 40 పైన రెండు గంటలకు మించి ఉంటే పారేయాలి. చుట్టూ 90 దాటిన వేడి ఉంటే గంటే. బయలుదేరడానికి ఒక రోజు ముందే ఫ్రిజ్ వేసి, ఇంట్లో చల్లబరిచిన వస్తువులే అందులో పెట్టండి. గాలి ఆడటానికి సందు వదలండి. వెనక కింది జాలీ దగ్గర దుమ్ము తుడిచి, 12 వోల్టుల చిన్న ఫ్యాను ఒకటి గాలి పైకి తోసేట్టు పెడితే చాలా తేడా ఉంటుంది. బండి సమంగా నిలబడకపోతే గొట్టాల్లో ద్రవం ఒకచోట చేరి ఫ్రిజ్ శాశ్వతంగా చెడిపోతుంది, మట్టం చూసుకోండి. తాగే నీళ్ళు, పళ్ళు విడిగా ఐసుపెట్టెలో ఉంచితే పిల్లలు పదినిమిషాలకోసారి ఫ్రిజ్ తలుపు తీయరు. కొత్త బండ్లలోని 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌లకు ఈ అవస్థ చాలా తక్కువ. అద్దెకు తీసుకునేటప్పుడు ఏది ఉందో అడగండి.

పెట్రోలు బంకులోకి తిరిగే ముందే గ్యాసు మీద నడుస్తున్న ఫ్రిజ్ ఆపేయాలి. దాని వెనక మంట వెలుగుతుంటుంది.

రోడ్డు మీద ప్రాణాలు తీసేవి టైర్లు. వేసవి మధ్యాహ్నం తారు రోడ్డు 150 డిగ్రీలు దాటుతుంది. పైన ఎండ, కింద తారు, లోపల రబ్బరు వంగి లేవడంతో పుట్టే వేడి, మూడూ కలుస్తాయి. గాలి తక్కువైన టైరు ఎక్కువ వంగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది, చివరికి పొరలు విడిపోయి పేలుతుంది. గాలి తెల్లవారకముందు, చక్రం కదలకముందు చూడాలి. 80 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) నింపే టైరులో వేడి పది డిగ్రీలు పెరిగితే ఒత్తిడి రెండు పీఎస్ఐ దాకా పెరుగుతుంది. మధ్యాహ్నం 95 చూపిస్తోందని కంగారుపడి గాలి వదిలేవాళ్ళున్నారు. ఇంతకన్నా ప్రమాదకరమైన పొరపాటు లేదు. మర్నాడు పొద్దున ఆ టైరులో ఉండవలసినంత గాలి ఉండదు, ఆ రోజే పేలుతుంది. పెరుగుదలను లెక్కలోకి తీసుకునే టైరు చేస్తారు, వేడిగా ఉన్నప్పుడు ముట్టుకోకండి.

టైరు పక్కన డాట్ (DOT) అన్న అక్షరాల వరసలో చివరి నాలుగు అంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. ఆరేడేళ్ళు దాటిన టైరుతో, గాడులు ఎంత లోతుగా కనిపించినా, జూలైలో ఎడారికి దిగవద్దు. ఆర్‌వీ టైర్లు అరగవు, నిలబడి నిలబడి ఎండకు పగులుతాయి. వెనక జంట చక్రాల్లో లోపలిదాన్ని ఎవరూ చూడరు, గాలి లేకపోయినా బయటిది మోస్తుంటుంది కాబట్టి తెలియదు. ఒక్కొక్క చక్రానికీ సెన్సరు ఉండే గాలి మీటరు అమర్చి, హెచ్చరిక చల్లటి ఒత్తిడికి 20, 25 శాతం పైన, వేడి 158 డిగ్రీల దగ్గర పెట్టండి. ట్రెయిలర్ టైర్లలో కొన్నిటి వేగ పరిమితి గంటకు 65 మైళ్ళే. లారీలు తూచే కాటా మీద, నీళ్ళ ట్యాంకు నింపి, మనుషులందరూ ఎక్కి ఒకసారి తూయించండి. గ్యాలన్ నీళ్ళు 8.3 పౌండ్లు, 50 గ్యాలన్లంటే నాలుగు వందల పౌండ్ల పైమాటే. పేలితే బ్రేకు మీద కాలు వేయకండి. స్టీరింగు గట్టిగా పట్టి, బండి వరస కుదిరేదాకా యాక్సిలరేటరు నిలకడగా ఉంచి, తర్వాతే నెమ్మదిగా పక్కకు తీయండి.

కాలిఫోర్నియాలో ఇంటర్‌స్టేట్ 15 మీద బేకర్ సుమారు 900 అడుగుల ఎత్తు, అక్కడి నుంచి లాస్ వేగస్ వైపు ఎక్కేది 4,700 అడుగుల మౌంటెన్ పాస్. ఇంజిన్ వేడెక్కకుండా ఏసీ ఆపండి అన్న బోర్డులు ఆ ఎగువన ఊరికే పెట్టలేదు. అక్కడ గేరు తగ్గించి నడపండి. ఇంజిన్ చుట్లు పెరిగితే నీళ్ళ పంపు, ఫ్యాను కూడా వేగంగా తిరుగుతాయి. పై గేరులో కాలు అదిమిపట్టి లాగిస్తే వేడెక్కుతుంది. ముల్లు ఎర్రగీత వైపు పాకితే క్యాబిన్ హీటరు పూర్తిగా వేయండి. ఎంత బాధగా ఉన్నా అది రెండో రేడియేటరులా పనిచేస్తుంది. పక్కకు ఆపి, ఆవిరి రాకపోతే న్యూట్రల్‌లో 1,500 చుట్ల దగ్గర ఉంచి చల్లబడనివ్వండి. ఆవిరి వస్తే వెంటనే ఇంజిన్ కట్టేయండి. రేడియేటరు మూత మాత్రం గంట దాకా తాకకండి. వెనక ఇంజిన్ ఉన్న డీజిల్ బండ్లలో రేడియేటరు లోపలివైపు ఆయిలు తుంపర్లకు దుమ్ము అంటుకుని కంబళిలా పేరుకుంటుంది. బయటి నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది, అసలు మురికి కనబడని వైపే ఉంటుంది. ఇక దిగేటప్పుడు బ్రేకుల వంతు. డెత్ వ్యాలీలోకి దిగే రాష్ట్ర రహదారి 190 మీద టౌన్ పాస్ దాదాపు 5,000 అడుగులు, అక్కడి నుంచి స్టవ్‌పైప్ వెల్స్ దగ్గర సముద్రమట్టానికి దిగాలి. ఎక్కిన గేరులోనే దిగాలని పాత లారీ డ్రైవర్లు చెప్పే మాట ఆర్‌వీకీ వర్తిస్తుంది. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, గట్టిగా నొక్కి వేగం తగ్గించి వదిలేయండి.

ప్రయాణ వేళలు తెల్లవారుజామున నాలుగింటికి మొదలై పొద్దున పదింటికి ముగియాలి. పదింటికి హుకప్ తగిలి ఉండాలి. దారిలో ఇంధనం సగానికి దిగకముందే నింపుకోవాలి. యూటాలో ఇంటర్‌స్టేట్ 70 మీద గ్రీన్ రివర్, సలైనా మధ్య వంద మైళ్ళకు పైగా బంకు లేదు.

నీళ్ళు మనిషికి రోజుకు ఒక గ్యాలన్ తాగడానికే, ట్యాంకులోవి కాక విడిగా డబ్బాల్లో, అనుకున్న రోజుల కన్నా రెండు రోజులకు ఎక్కువ. ఎండలో పడి ఉన్న రబ్బరు గొట్టంలోంచి మొదట వచ్చే నీళ్ళు చేతులు కాలుస్తాయి, పిల్లల మీద పడనివ్వకండి. ఒత్తిడి నియంత్రకం లేకుండా కుళాయికి తగిలిస్తే మెత్తబడ్డ గొట్టం చీలుతుంది. మరుగుదొడ్డి ట్యాంకులో ఎప్పుడూ నీళ్ళు ఉండాలి, ఎండిపోతే గట్టిపడి గుట్ట కడుతుంది. వాసన వస్తుంటే ముందు సింకులో, షవరులో గ్లాసు నీళ్ళు పోయండి. ఆ వంపు గొట్టాల్లో నీళ్ళు ఆవిరైపోవడమే చాలాసార్లు కారణం.

ఎడారిలో వాన గురించి కూడా చెప్పాలి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 దాకా అక్కడ వర్షకాలం కింద లెక్క. డెత్ వ్యాలీలో 2022 ఆగస్టు 5న 1.46 అంగుళాలు, 2023 ఆగస్టు 20న 2.2 అంగుళాలు కురిసింది. రెండో వానకు రోడ్లు కొట్టుకుపోయి పార్కును అక్టోబరు దాకా మూసివేశారు. అంకెలు చిన్నవిగా కనిపిస్తాయి గానీ ఆ నేల నీటిని పీల్చదు, ఎక్కడో కొండమీద పడ్డ వాన పొడి వాగులో గోడలా వస్తుంది. ఇసుక మెత్తగా, చదునుగా ఉందని వాగులో బండి నిలపకండి. రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే ఆగిపోండి. అరిజోనాలో అడ్డు పెట్టిన రోడ్డులోకి దిగి ఇరుక్కుంటే రక్షించిన ఖర్చు డ్రైవరు చేత కట్టించే చట్టం ఉంది. దుమ్ము తుఫాను ముంచుకొస్తే రోడ్డు పూర్తిగా వదిలి పక్కకు ఆపి, లైట్లన్నీ ఆర్పి, చేతిబ్రేకు వేసి, బ్రేకు మీద కాలు తీసేయాలి. వెలుగుతున్న వెనక లైటును చూసి, అదే దారి అనుకుని వెనకాల వచ్చేవాళ్ళు గుద్దేస్తారు.

పెద్దవాళ్ళను తీసుకెళ్ళేవారు దయచేసి ఇది రెండుసార్లు చదవండి. తీరప్రాంతపు ఉక్కలో చెమటకు చొక్కా తడుస్తుంది, ఒళ్ళు అలిసిందని తెలుస్తుంది. ఎడారి గాలిలో చెమట పుట్టిన వెంటనే ఆరిపోతుంది. చెమట పట్టలేదు, బాగానే ఉన్నాను అనే నాన్నగారు అప్పటికే లీటరు నీళ్ళు పోగొట్టుకుని ఉంటారు. బీపీకి వాడే కొన్ని మాత్రలు నీటిని బయటికి పంపేవి, కొన్ని గుండె వేగాన్ని పట్టి ఉంచేవి. వేడిని తట్టుకునే శక్తిని రెండూ తగ్గిస్తాయి, బయలుదేరే ముందు డాక్టరును అడగాలి. తెరవని ఇన్సులిన్ 36 నుంచి 46 డిగ్రీల మధ్య ఉండాలి, వాడుతున్నది 86 దాటకూడదు. పైన చెప్పిన ఫ్రిజ్‌ను ఇందుకు నమ్మకండి, లోపల థర్మామీటరు పెట్టి చూడండి. మాట తడబడటం, తికమకపడటం, తూలడం కనిపిస్తే అది వడదెబ్బ. 911కు ఫోను చేసి, నీడలోకి తీసుకెళ్ళి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిపి విసరండి, ఐసు ఉంటే మెడకూ చంకలకూ ఆనించండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి. మరీ వేడిగా ఉన్న రోజుల్లో గాలి పలచబడి రక్షక హెలికాప్టర్లు ఎగరలేవు, సాయం రోడ్డు మీదే రావాలి.

బండి ఆగిపోతే దాన్ని వదిలి నడవకండి. వెతికేవాళ్ళకు మనిషి కన్నా బండి ముందు కనిపిస్తుంది. ఫోను సిగ్నలు లేని దూరాలు ఎక్కువ, ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం ఒకటి అద్దెకు దొరికినా తీసుకోండి. అద్దె ఒప్పందం కూడా చదవండి. వేసవి నెలల్లో డెత్ వ్యాలీలోకి తీసుకెళ్ళకూడదన్న షరతు కొన్నిటిలో ఉంటుంది. మట్టిరోడ్డు మీద ఆగిపోతే సాయం పంపని ఒప్పందాలూ ఉన్నాయి. అదనపు టైరు ఉందా, లేదా అన్నది తాళాలు తీసుకోకముందే చూసుకోండి, చాలా బండ్లలో ఉండదు.

ఇంతా చెప్పి వెళ్ళొద్దనడం లేదు. వెయ్యి అడుగులు పైకెక్కితే నాలుగైదు డిగ్రీలు తగ్గుతుంది. ఫీనిక్స్ 1,100 అడుగుల దగ్గర ఉంది. అక్కడ 2023లో వరసగా 31 రోజులు 110 డిగ్రీలు తాకింది. రెండున్నర గంటల ప్రయాణంలో 6,900 అడుగుల మీదున్న ఫ్లాగ్‌స్టాఫ్‌లో జూలై రాత్రి 50 దగ్గరికి దిగుతుంది, దుప్పటి కప్పుకోవాలి. ఎడారిని తెల్లవారుజామున దాటి, రాత్రి కొండమీద పడుకునేట్టు దారి గీసుకున్నవాళ్ళకు ఇందులో సగం బాధలు ఉండవు.

అందుకని మీ పత్రికకు ఒక మనవి. వచ్చే మే నెలలో ఇలాంటి యాత్రల వ్యాసాలు వేసేటప్పుడు, బస చేసే ప్రతి చోటుకూ మైళ్ళతో పాటు ఆ ఊరి ఎత్తు, జూలై రాత్రి సగటు కనిష్ఠం, హుకప్ 30 ఆంపియర్లదా 50దా అన్న మూడు అంకెలు కూడా వేయండి. ఒక్క వరసలో సరిపోతాయి.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఫీనిక్స్, అరిజోనా